పద్నాలుగు, ఫిట్టరు గారూ!

స్విచ్‌యార్డు గేటు బయట ఆయన మామయ్యగారు, ఆమె కోడలు. పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటరు మీద వస్తారు. నడిపేది కోడలు. వెనక సీటు మీద రెండు టిఫిన్ క్యారేజీలూ ఒళ్ళో పెట్టుకుని కూచునేది మామయ్యగారు. దారి పొడుగునా టీపొడి అయిపోయిందనీ, మిక్సీ మూత పగిలిందనీ, అత్తయ్యగారి మోకాలు మళ్ళీ సలుపుతోందనీ లోకాభిరామాయణం సాగుతూనే ఉంటుంది. స్కూటరు గేటు దాటిందో లేదో, వరస మారిపోతుంది.

"హెల్మెట్ పెట్టుకోండి, టెస్టరు గారూ" అంటాడాయన.

"మీరు గ్లవ్స్ మర్చిపోకండి, ఫిట్టరు గారూ" అంటుందామె.

కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చూసి నోరెళ్ళబెడతారు. ఇంట్లో ఏదో జరిగింది, మాటలు ముభావంగా ఉన్నాయి అనుకుని చెవులు కొరుక్కుంటారు. ఏమీ జరగలేదు, గాడిదగుడ్డూ లేదు. ఆమె కోడలిగా వచ్చాక మొదటిసారి యార్డులో అడుగుపెట్టిన రోజునే ఆయన గేటు దగ్గర నిలబెట్టి చెప్పాడు. "చూడమ్మా, ఈ గేటు లోపల నేను నీకు మామని కాను, నువ్వు నాకు కోడలివి కావు. నేను బిగిస్తాను, నువ్వు కొలుస్తావు. చుట్టరికం స్కూటరు డిక్కీలో పెట్టి తాళం వేసెయ్. సాయంత్రం మళ్ళీ తీసుకుందాం." ఆ మాట ఆమె తు.చ. తప్పకుండా పాటించింది.

స్విచ్‌యార్డంటే ఊరవతల కంచె లోపల ఉంటుందే, కంకర పరిచిన నేల, ఇనుప స్తంభాలు, పింగాణీ సాసర్లు బోర్లించి పేర్చినట్టుండే ఇన్సులేటర్లు, మూలన జుమ్మంటూ మూలిగే ట్రాన్స్‌ఫార్మరు, అదే. పెద్ద లైన్ల మీద ఎక్కడి నుంచో వచ్చిన కరెంటు అక్కడ దిగి, ఎవరి వాటా వాళ్ళకి పంచుకుని మళ్ళీ బయల్దేరుతుంది. అలా దిగి నడిచే దారిని బస్‌బార్ అంటారు. అరచేయంత వెడల్పు, వేలంత మందం ఉన్న అల్యూమినియం పట్టీ. ఎంత పొడుగు పట్టీ తెచ్చినా ఎక్కడో ఒకచోట అతుకు పడక తప్పదు. రెండు కొసలు ఒకదాని మీద ఒకటి పెట్టి బోల్టులతో బిగించే ఆ అతుకే జాయింటు.

అతుకు సంగతి తెలిసిందే కదా. బట్టలోనైనా బంధుత్వంలోనైనా తెగితే అక్కడే తెగుతుంది. జాయింటు లోపల కంటికి కనపడనంత మురికి ఉన్నా చాలు, ఆట వదిలాక సినిమా హాలు ఇరుకు గుమ్మంలో జనం తోసుకున్నట్టు కరెంటు తోసుకుంటుంది. తోపులాటకి వేడి పుడుతుంది. వేడికి జాయింటు ఇంకాస్త పాడవుతుంది. పాడైన కొద్దీ ఇంకా వేడి. చిలికి చిలికి గాలివానై, ఒకనాడు బోల్టులే కరిగి ధారగా కారతాయి. ఊరు చీకటైపోతుంది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకీ చీకటే, పరీక్షకి చదువుకునేవాళ్ళకీ చీకటే. అందుకే జాయింటు వేసిన ప్రతిసారీ కొలిచి చూసి గానీ కరెంటుని దాని మీద నడవనివ్వరు.

ఆ కొలవడం ఆమె పని. లైను ఆపి, మిగిలిన కరెంటు నేలలోకి పోయేలా ఎర్తింగ్ తీగ కట్టాక పైకెక్కుతుంది. జాయింటుకి అటూ ఇటూ రెండు పెద్ద క్లాంపులు తగిలించి, మీటరు లోంచి వంద ఆంపియర్ల కరెంటు పంపుతుంది. ఆ క్లాంపులకి లోపలి వైపు, జాయింటు అంచులకి నాలుగు వేళ్ళ ఎడంగా మార్కరుతో గీతలు గీసి, సరిగ్గా గీత మీద రెండు సూదులు ఆనిస్తుంది. అప్పుడు మీటరు, జాయింటు కరెంటుకి ఎంత అడ్డుపడుతోందో ఒక అంకెలో చూపిస్తుంది; అంకె ఎంత చిన్నదైతే జాయింటు అంత మంచిది. అంకె మైక్రో ఓముల్లో ఉంటుంది. ఒక ఓముని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రో ఓము. తలవెంట్రుకని నిలువునా చీల్చి, ఏ చీలిక లావో చెప్పమన్నట్టుంటుంది వ్యవహారం. చెప్పగలదు మరి! యార్డులో ఆమెకి 'మైక్రోలమ్మ' అని పేరు. ఎదురుగా అనరు. అన్నా ఆమెకి కోపం లేదు, పైగా లోలోపల ముచ్చటే.

అసలామె ఆ ఇంటికి కోడలిగా రావడమే ఒక రీడింగు వల్ల.

అప్పటికి ఆమె పెళ్ళికాని పిల్ల, టెస్టింగ్ విభాగంలో కొత్త. పెద్దాయనకి అప్పటికే 'జాయింటు మామ' అని పేరు. ఆయన వేసిన జాయింటుకి మీటరు పెట్టడమంటే వడ్డించే ముందు పళ్ళెం కడగడం లాంటిదే, అలవాటు కొద్దీ చేసేది. అంకె ఎప్పుడూ బాగానే వస్తుంది. అలాంటాయన జాయింటుకి ఈ కొత్త పిల్ల ఒకసారి కొలిచి, పెదవి విరిచి, క్లాంపు తీసి మళ్ళీ పెట్టి ఇంకోసారి కొలిచింది.

"ఏమ్మా, నా జాయింటు మీద అనుమానమా?" అన్నాడు పెద్దాయన, మీసం కింద కోపం దాచుకుంటూ.

"మీ జాయింటు మీద కాదండీ. నా క్లాంపు మీద. పెయింటు మీద పడింది, చూసుకోలేదు" అంది.

"అంకె బాగానే వచ్చిందిగా?"

"బాగా వచ్చిన అంకె వేరు, నిజమైన అంకె వేరు కదండీ."

 సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా భార్యతో అన్నాడు. "మన వాడికి పిల్ల దొరికిందే. నన్నసలు నమ్మని పిల్ల."

"ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే అనుకున్నాను. పోనీలెండి, తోడొస్తుంది" అంది ఆవిడ.

పిల్లవాడు బట్టలు కుట్టే దర్జీ. పిల్లని చూడటానికి వెళ్ళినప్పుడు ఆమె అతని చొక్కా చేతి కుట్టు వైపు అదే పనిగా చూసిందట. "ఏం, వంకరగా ఉందా?" అని అడిగాడట. "లేదు, తిన్నగానే ఉంది. అందుకే చూస్తున్నా" అందట. ఇంకేముంది, ఒప్పుకున్నాడు. ఇప్పటికీ నాన్నా భార్యా భోజనాల దగ్గర జాయింట్ల గురించి వాదించుకుంటుంటే, "వీళ్ళిద్దరి మధ్యా ఇన్సులేటర్ని నేను" అంటాడు, ఇద్దరి పళ్ళేల మధ్యా తన పళ్ళెం జరుపుకుంటూ.

పెళ్ళయ్యాక యార్డులో వేళాకోళాలకి లోటు లేకపోయింది. "మామ బిగింపు, కోడలు కొలత! ఇంకేం, పాసే పాసు" అనేవాడు స్టోరు గుమస్తా. "పెళ్ళిలో పెట్టిపోతల కింద మైక్రో ఓములు తగ్గించుకున్నారేమో" అని ఇంకొకరు. ఆమె నవ్వేసి ఊరుకునేది. కానీ ఆ మాట ముల్లులా ఎక్కడో గుచ్చుకునే ఉండేది. అంకె చదవడం తప్ప ఇంకో ఆస్తి లేదామెకి. తను చదివిన అంకెని ఊరు నమ్మి దీపం పెట్టుకుంటుంది. ఆ నమ్మకంలో చుట్టరికం వాసన వచ్చిందంటే ఇక మిగిలేదేముంది?

ఆ యార్డులో కాగితం మీద లేని పద్ధతి ఒకటుంది. టెస్టరు అంకెని పైకి చదవాలి. జాయింటు వేసిన ఫిట్టరు దూరంగా చేతులు కట్టుకుని నిలబడి, ఆ అంకెనే గట్టిగా తిరిగి పలకాలి. అప్పుడు గానీ కింద ఇంజనీరు ఏఈ గారు రాసుకోరు. అంకె బాగోకపోతే "విప్పుతున్నా" అనాల్సింది ఫిట్టరే. టెస్టరు విప్పమనకూడదు. ఇంజనీరు విప్పమనకూడదు. ఎవరి తప్పు వాళ్ళ నోటితోనే బయటికి రావాలి. కుర్ర ఫిట్టర్లు ఆ మాట నేల చూపులు చూస్తూ అనేవాళ్ళు. పెద్దాయన నోట మాత్రం ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆయన రిటైరయ్యే రోజు వచ్చేసింది కాబట్టి, ఇక వినబోమనే అనుకున్నారందరూ.

ఆయన ఆఖరి రోజున కొత్త బే, అంటే యార్డులో ఒక కొత్త లైను దిగే చోటు, తయారైంది. మూడు ఫేజులకీ మూడు జాయింట్లు. మూడూ తానే వేస్తానని పట్టుబట్టి వేశాడు. సాయంత్రం లైను ఛార్జి చెయ్యాలి, అంటే కరెంటు వదలాలి. ఆ తర్వాత షెడ్డులో కుర్చీలు వేసి సన్మానం. అత్తగారూ కొడుకూ కూడా వచ్చి ముందు వరసలో కూచున్నారు. అత్తగారు మోకాలికి పట్టీ కట్టుకుని, కొత్త చీర కట్టుకుని, "త్వరగా కానివ్వండి, ఈ కుర్చీ ఇనపది" అని విసుక్కుంటోంది.

కోడలు ఆ పొద్దున్న స్కూటరు ఇక్కడే ఉంచి వ్యానులో ఇంకో యార్డుకి వెళ్ళి, పని చూసుకుని మధ్యాహ్నం తిరిగి వచ్చింది. పరంజా ఎక్కింది. మొదటి ఫేజు కొలిచింది.

"తొమ్మిది!"

"తొమ్మిదీ!" అన్నాడు పెద్దాయన, పరంజా ఆ కొసన నిలబడి, కంచు మోగినట్టు.

చివరి ఫేజు. "తొమ్మిది!"

"తొమ్మిదీ!" కింద ఎవరో ఈల వేశారు.

ఇక మధ్య ఫేజు. గీతలు గీసింది, క్లాంపులు తగిలించింది, సూదులు ఆనించింది. మీటరు చూసింది. పద్నాలుగు.

 తప్పు తనదేమోనని ముందు తనని తాను అనుమానించుకుంది. క్లాంపులు తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టింది. పద్నాలుగు. తీగలు అటువి ఇటు మార్చి చూసింది. పద్నాలుగే.

పద్నాలుగు పెద్ద అంకె కాదు. ఇరవై దాకా పాసే. కానీ ఒకే పట్టీ, ఒకే బోల్టులు, ఒకే చెయ్యి. మూడు ఫేజులూ ఒక తల్లి పిల్లలు. ఇద్దరు ఆడుకుంటూ మూడోవాడు మూలన కూచున్నాడంటే, ఒళ్ళు వెచ్చగా లేకపోయినా తల్లికి తెలుస్తుంది వాడికి ఏదో అయిందని.

కింద అందరూ తలలెత్తి చూస్తున్నారు. ఆమెకి ఒక సంగతి తెలుసు. సూదుల్ని గీతల మీద నుంచి ఒక్క నాలుగు వేళ్ళు లోపలికి, జాయింటు అంచు దాకా జరిపితే చాలు. మధ్యలో పట్టీ తగ్గుతుంది, అంకె దిగుతుంది. తొమ్మిదే రావచ్చు. కింద నుంచి ఎవరికీ కనపడదు. మామయ్యగారి పేరు మచ్చ లేకుండా షెడ్డులోకి దిగుతుంది. ఆయన ఆమెని కూతురిలా చూసుకున్నాడు. ఎండాకాలంలో కూలరు తన గదిలోంచి తీసి ఆమె గదిలో పెట్టించాడు. పైగా ఇరవై లోపేగా! ఎవరి కొంప మునుగుతుంది?

 సూదులు గీత మీదే ఉన్నాయి. గీత మీదే ఉంచింది.

"పద్నాలుగు!"

 గాలికి ఎర్తింగు తీగ ఇనుప స్తంభానికి తగిలి టింగుమంది.

"అమ్మాయ్" అన్నాడు పెద్దాయన మెల్లగా. "ఇంకోసారి చూడమ్మా."

గేటు లోపల ఆయన ఆమెని అమ్మాయ్ అనడం అదే మొదలు. ఆ ఒక్క పిలుపులో ఇల్లంతా ఉంది. వెనక సీటు, టిఫిన్ క్యారేజీలు, కూలరు, అన్నీ ఉన్నాయి. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. చెయ్యి మాత్రం కదలలేదు. ఇంకోసారి చూసింది.

"పద్నాలుగు, ఫిట్టరు గారూ."

కింద ఏఈ గారు నుదురు రుద్దుకున్నారు. "ఇరవై లోపే. రూలు ప్రకారం పాసే. కానీ జాయింటు మీది పెద్దాయనా. చెప్పాల్సింది మీరే" అన్నారు.

"అబ్బ, పాసంటున్నారుగా, దిగిరండి మామా! టీ చల్లారిపోతోంది" అన్నాడు స్టోరు గుమస్తా.

పెద్దాయన కట్టుకున్న చేతులు విప్పాడు. చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత కంచు గొంతుతో యార్డంతా వినపడేలా పలికాడు.

"పద్నాలుగూ!" ఒక్క క్షణం ఆగి, అంతే గట్టిగా అన్నాడు. "విప్పుతున్నా!"

కింద స్టోరు గుమస్తా చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. 

"తప్పు ఏమిటో నాకు తెలుసు" అన్నాడాయన, రెంచి అందుకుంటూ. "పొద్దున్న ఫోటో తీశారుగా!"

అప్పుడు అందరికీ వెలిగింది. జాయింటు వేసేటప్పుడు అల్యూమినియాన్ని వైరు బ్రష్షుతో రుద్దగానే తళతళా మెరుస్తుంది. ఆ మెరుపు ఎంత అందంగా ఉంటుందో అంత ప్రమాదం. గాలి తగిలిన క్షణం నుంచీ దాని మీద కంటికి కనపడని పొర పుడుతూ ఉంటుంది. కరెంటుకి అది గోడ. అందుకే రుద్దిన వెంటనే గ్రీజు రాయాలి, రాసి ఆ గ్రీజులోనే మళ్ళీ రుద్ది, తక్షణం బిగించెయ్యాలి. ఈ పాఠం యార్డులో ప్రతి ఫిట్టరుకీ నేర్పింది ఆయనే. "రుద్దిన అల్యూమినియం పొయ్యి మీద పాలు లాంటిది, పక్కకి చూడకూడదు" అని ఊదరగొట్టేవాడు.

పొద్దున్న మధ్య జాయింటు రుద్దేసరికి స్టోరు గుమస్తా ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఆగండాగండి! ఆ జిడ్డు రాయకండి, ఎంత మెరుస్తోందో! ఆఖరి జాయింటుతో ఫోటో!" అన్నాడు. పెద్దాయన ఆగాడు. ఎప్పుడూ ఆగనివాడు ఆగాడు. తల దువ్వుకుని, మీసం సవరించుకుని, పైన మెరిసే పట్టీల పక్కన బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. కింద ఫోటోలో నిలబడేవాళ్ళు ఒకరు వచ్చేసరికి ఇంకొకరు లేరు, లెన్సు తుడిచేసరికి ఎండ మారింది, అలా ఫోటో తెమిలేసరికి చాలాసేపు గాలి తగిలిందని తెలిసినా, మళ్ళీ రుద్దకుండానే గ్రీజు రాసి బిగించేశాడు.

"మళ్ళీ రుద్దాల్సింది. బద్ధకం కాదు, పొగరు. నా చేతిలో వేసిన జాయింటు పాడవుతుందా అనుకున్నా" అన్నాడు.

ఏఈ గారు అప్పటికే కంట్రోల్ రూముకి ఫోన్ చేసి ఛార్జింగు కాస్త వెనక్కి జరిపారు. పెద్దాయన తన జాయింటు తానే విప్పాడు. పాత గ్రీజు తుడిచాడు. బ్రష్షు తీసుకుని రుద్దాడు, ఈసారి పక్కకి చూడలేదు. ముందు వరస లోంచి అత్తగారు, "ఏమండీ, అదేదో పొద్దున్నే..." అనబోతే కొడుకు, "అమ్మా, నువ్వూ కాసేపు ఇన్సులేటరువై కూచో" అన్నాడు. పెద్దాయన గ్రీజు రాశాడు, గ్రీజులోనే మళ్ళీ రుద్దాడు, పట్టీలు కలిపాడు, కొత్త బోల్టులు వేశాడు. బిగింపుని కొలిచే టార్క్ రెంచి ఒక్కో బోల్టు దగ్గరా టక్కుమని చాలంది. పరంజా ఆ కొసకి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

ఆమె మళ్ళీ సూదులు ఆనించింది. పాత గీతల మీదే.

"తొమ్మిది!"

"తొమ్మిదీ!"

అప్పుడు పడ్డాయి చప్పట్లు! కింద షెడ్డు రేకులు దద్దరిల్లేలా పడ్డాయి. స్టోరు గుమస్తా ఒకచేత్తో కళ్ళొత్తుకుంటూ, "పాసే పాసు అని ఇన్నాళ్ళూ కూసిన నోరు నాదే. చెంప మీద ఒకటి వెయ్యండమ్మా" అన్నాడు. సాయంత్రం లైను ఛార్జి అయింది. వేడి చూసే కెమెరాతో ఏఈ గారు జాయింట్లన్నీ తడిమి చూశారు. తెరమీద మూడూ పట్టీ రంగులోనే కలిసిపోయి, ఏది జాయింటో ఏది పట్టీయో తెలియలేదు. ఆ పనిలో మెప్పంటే అదే. ఏమీ కనపడకపోవడం.

సన్మానంలో మాట్లాడమంటే పెద్దాయన లేచి, "నా సర్వీసులో ఒక్క జాయింటూ ఫెయిలవలేదని ఇందాక ఎవరో చదివారు. అది కొట్టెయ్యండి. ఒకటి పోయింది. అది పట్టుకున్నది మా టెస్టరు గారు" అని కూచున్నాడు. అంతే ఉపన్యాసం.

చీకటి పడకముందే ఇద్దరూ గేటు వైపు నడిచారు. ఆమె స్కూటరు తీస్తూ, ఇక ఆపుకోలేక, "మామయ్యగారూ, నా మీద కోపమా?" అంది.

ఆయన గేటు వైపు చూపించాడు. "ఇంకా దాటలేదు, టెస్టరు గారూ."

స్కూటరు గేటు దాటింది. అప్పుడు వెనక నుంచి క్యారేజీల చప్పుడుతో పాటు వినిపించింది. "ఇప్పుడు చెబుతున్నా వినమ్మా. నువ్వు ఆ సూదులు జరుపుతావేమోనని నేనెంత భయపడ్డానో! జరిపితే తొమ్మిది వస్తుందని నాకూ తెలుసు."

ఆమె స్కూటరుని రెండు గుంటల మీద చూసుకోకుండా ఎక్కించేసింది. 

ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళ హాల్లో టీవీ పైన ఉంది. కొడుకు ఫ్రేము కట్టించాడు. ఎవరొచ్చినా పెద్దాయన కుర్చీలోంచి లేచి మరీ చూపిస్తాడు. "ఈ మెరుపు చూశారా? ఎంత బాగుందో కదా? అదే తప్పు. మా కోడలు పట్టుకుంది." వచ్చినవాళ్ళకి అర్థం కాకపోతే మైక్రో ఓముల దగ్గర మొదలెట్టి సాంతం చెబుతాడు. వాళ్ళు లేవబోతే కూచోబెడతాడు.

"మా ఇంటికి చుట్టాలు రావడం తగ్గించేశారు ఆ ఫోటో పుణ్యమా అని" అంటుంది అత్తగారు. అని ఊరుకోదు. కొంగు చివరతో ఆ అద్దాన్ని రోజూ తుడుస్తుంది. కోడలు నిలబడే చోట కాస్త ఎక్కువసేపు తుడుస్తుంది. ఫోటోలో కోడలు లేనే లేదు కదా, పొద్దున్న ఇంకో యార్డులో ఉంది కదా అని ఎవరైనా అంటే, "ఉంది. ఆ మెరుపు పక్కన, పరంజా మీద ఖాళీగా ఉందే, ఆ చోటు మా కోడలిదే" అంటుంది.